రగ్గులు తర్వాత, ముందు రేకులు చూడండి

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. సిమెంటు రేకుల ఇల్లు, రెండు గదులు. వెనకవైపు తాటాకు పంచలో వంట. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర పనికి పోతాడు, నేను నాట్లకీ కలుపులకీ పోతాను. పిల్లలిద్దరూ బడికి పోతారు. మా అత్తకి ఆయాసం. చలికాలం వచ్చిందంటే రాత్రిళ్లు మంచం మీద లేచి కూర్చునే ఉంటుంది. పోయినసారి చేతిలో రూపాయి లేక చాలా అవస్థ పడ్డాం. ఈసారి ముందే ఏడు వేలు దాచాను. మా ఆయన రెండు పెద్ద రగ్గులు, నీళ్లు కాచుకునే కరెంటు రాడ్డు కొందామంటున్నాడు. మా ఆడబిడ్డ గదిలో పెట్టుకునే హీటరు తీసుకోమంటోంది. రేకులు అక్కడక్కడా కారతాయి, అది ఎప్పుడూ ఉండేదే. ఈ డబ్బుతో ఏది ముందు కొనాలి? ఆలోచిస్తుంటే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్లో ఉంది. రేకులు కారతాయి, అది ఎప్పుడూ ఉండేదే అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనైతే ఆ ఏడు వేలల్లో మొదటి రూపాయి అక్కడే పెడతాను.

చలికాలం జాగ్రత్తలంటూ ఫోన్లలో తిరిగే సలహాలు చాలావరకు మన ఊళ్లను చూసి రాసినవి కావు. మన తీరంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ చలికి హీటరు అక్కర్లేదు. మనల్ని పట్టి పీడించేది తడి. ఏడాదికి పడే వానలో సగానికి పైగా నెల్లూరుకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. మిగతా జిల్లాలవాళ్లు గొడుగులు మడిచి మూలన పెట్టే వేళకి మనకు ముసురు మొదలవుతుంది. స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలు దాటి జ్యేష్ఠ సగం అయ్యేదాకా ఏ వాయుగుండం ఎటు తిరుగుతుందో అని చూస్తూనే ఉంటాం. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగినప్పుడు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు మీరు అక్కడే ఉండి ఉంటారు. నేను చెప్పక్కర్లేదు.

నాకు ఈ సంగతి చిన్నప్పుడే తెలిసింది. 1989 నవంబరు తుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు మాది ఆ చుట్టుపక్కలే తాటాకు ఇల్లు. తెల్లారేసరికి చూరు ఒక పక్క లేచిపోయింది. ఇంట్లో రెండు మంచి కంబళ్లు ఉన్నాయి, రెండూ నీళ్లు పీల్చి రాళ్లలా బరువెక్కాయి. పిండితే పిండలేం, ఆరేద్దామంటే ఎండ లేదు. ఆ మూడు రోజులూ మమ్మల్ని కాపాడింది మా అమ్మ యూరియా సంచీలో చుట్టి అటక మీద పెట్టిన పాత పంచెలు, చీరలు. తడి గుడ్డ ఆరడానికి కావలసిన వేడిని మన ఒంట్లోంచే లాక్కుంటుంది. పొడిగా ఉంటే చిరుగుల చీర కూడా వెచ్చగా ఉంటుంది. అందుకే కారే రేకుల కింద కొత్త రగ్గు కప్పుకోవడం నాకు మింగుడుపడదు.

ఇంకో లెక్క కూడా ఉంది. వానలు ఇప్పుడు, నిజమైన చలి ధనుర్మాసంలో. మధ్యలో మీకు నాట్లు ఉన్నాయి. నవంబరు, డిసెంబరుల్లో నాలుగు కూలి డబ్బులు చేతికొస్తాయి. రగ్గు అప్పుడు కొనొచ్చు. రేకులు మాత్రం అప్పటిదాకా ఆగవు. (ఇది చదివే గిద్దలూరు వైపు వాళ్లకు మాత్రం నా లెక్క సరిపోదు. నల్లమల కింద వాన తక్కువ, రాత్రి చలి ఎక్కువ. వాళ్లు రగ్గు ముందు కొనుక్కున్నా తప్పులేదు.)

ఇక రేకులు. ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం తలుపులు మూసి, ఇంట్లో నిలబడి పైకి చూడండి. సూదిమొన లాంటి వెలుతురు ఎక్కడెక్కడ పడుతుందో అక్కడ బొగ్గుతో గోడ మీద గుర్తు పెట్టుకోండి. సిమెంటు రేకుల ఇంట్లో నీళ్లు చాలావరకు బోల్టుల దగ్గరే దిగుతాయి. రేకును పైపుకు పట్టి ఉంచే జె బోల్టు కింద తారు వాషరు ఉంటుంది. నాలుగేళ్ల ఎండకు అది ఎండి పెళుసై విరిగిపోతుంది. రేకు బాగానే ఉంటుంది, వాషరు పోతుంది. హార్డ్‌వేర్ షాపులో తారు వాషర్లు, పైన వేసే ఇనుప వాషర్లు ఇమ్మంటే ఇస్తారు. రేకు మార్చే ఖర్చుతో పోలిస్తే ఇది ఏమీ కాదు. సన్న పగుళ్లకు సిమెంటు పూయకండి. ఎండకు రేకు సాగి, రాత్రికి ముడుచుకుంటుంది, సిమెంటు దాంతోపాటు సాగలేక మళ్లీ పగులుతుంది. తారు పట్టీ అంటించాలి, అదీ రేకు పొడిగా, దుమ్ము లేకుండా ఉన్నప్పుడు. వాన పడుతుండగా అంటిస్తే డబ్బు దండగ.

పైకి ఎవరెక్కినా రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు. కింద పైపులున్న చోట అడ్డంగా చెక్క పలక వేసి, దాని మీదే నడవాలి. పాత రేకు చూడ్డానికి గట్టిగా కనిపిస్తుంది, మనిషి బరువుకు ఒక్కసారిగా విరిగిపోతుంది. కూలి మిగుల్తుందని మీ ఆయన్ని ఎక్కించకండి, అలవాటున్న మేస్త్రీని పిలవండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. కోసినా తొలిచినా ముందు నీళ్లు చల్లి తడిపి చేయమనండి. ఆ పూట మీ అత్తని పక్కింట్లో కూర్చోబెట్టండి. రాలిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

గాలికి రేకులు లేవకుండా అందరూ ఇసుక బస్తాలు వేస్తారు. మంచిదే. అయితే రేకు మధ్యలో వేస్తే ఆ బరువుకే పగులుతుంది. సగం నింపిన బస్తాలు, కింద పైపు ఉన్న వరసలోనే వేయించండి. చూరు అంచుల దగ్గర గాలి ఎక్కువ పట్టుకుంటుంది, అక్కడ ముఖ్యం. వీటన్నిటికీ కలిపి రెండున్నర వేలు పక్కన పెట్టండి.

ఇల్లు చుట్టూ ఒకసారి తిరిగి, చూరు నీళ్లు పడే చోట జానెడు లోతు కాలవ తీసి వీధివైపు వాలు ఇవ్వండి. దీనికి డబ్బు అక్కర్లేదు, మీ ఆయన ఒక పొద్దు పార పడితే చాలు. గోడ అడుగున నీళ్లు నిలిస్తే చెమ్మ మెల్లగా పైకి పాకుతుంది. ఆ చెమ్మకు బూజు పడుతుంది. మీ అత్త ఆయాసానికి చలి కంటే ఆ బూజే ఎక్కువ కారణం కావచ్చు. ఆమె మంచం గోడకు ఆనించి ఉంటే ఈరోజే మూరెడు ఇవతలికి లాగండి. ముసురు రోజుల్లో తడి బట్టలు ఆమె పడుకునే గదిలో దండెం కట్టి ఆరేయకండి. మనందరం చేసే పనే అది, నేనూ చేస్తాను, కానీ ఆ నీరంతా ఆ గది గాలిలోకే పోతుంది. పంచలో ఆరేయండి, ఒకరోజు ఆలస్యంగా ఆరినా సరే.

దండెం మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్తాను. మీది ఇనుప తీగ అయితే ఇవాళే తీసేసి నైలాను తాడు కట్టండి. వానాకాలంలో ఎక్కడో కరెంటు వైరు రాసుకుని ఆ తీగలోకి కరెంటు వస్తుంది, తడి చేతులతో బట్టలు తీసే మనిషి పోతుంది. ఇలాంటి వార్త ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం.

మీ ఆడబిడ్డ చెప్పిన హీటరు సంగతి చూద్దాం. రెండు వేల వాట్ల హీటరు రాత్రి ఎనిమిది గంటలు వేస్తే పదహారు యూనిట్లు. నెలకు నాలుగు వందల ఎనభై. యూనిట్లు పెరిగేకొద్దీ శ్లాబు మారి యూనిటు రేటు కూడా పెరుగుతుంది. కొన్న డబ్బు ఒక ఎత్తు, ఆ బిల్లు ఒక ఎత్తు. పైగా రేకుల ఇంట్లో వేడి నిలవదు. ఆవిడకి నా నమస్కారం చెప్పి వద్దనండి.

రాడ్డు విషయంలో మీ ఆయన లెక్క తప్పు కాదు. పదిహేను వందల వాట్ల రాడ్డుతో బకెట్టు నీళ్లు స్నానానికి సరిపడా కాగడానికి పది పన్నెండు నిమిషాలు, మూడో వంతు యూనిట్. కరెంటు ఖర్చు ఏమంత కాదు. నా భయం వేరే. మీ ఇంటికి సరైన ఎర్త్ ఉందా? తడి నేల, చిన్నపిల్లలు, ప్లాస్టిక్ బకెట్టు, చెయ్యి పెట్టి కాగిందా లేదా అని చూసే అలవాటు. ఎలక్ట్రీషియను వచ్చి ఎర్త్ చూసి సరే అనేదాకా రాడ్డు కొనకండి. ఎండ కాసిన రోజు నల్ల డ్రమ్ములో నీళ్లు పోసి ఎండలో పెడితే సాయంత్రానికి గోరువెచ్చగా అవుతాయి. ముసురు రోజున పిల్లలు ఒళ్లు తుడుచుకుంటే సరిపోతుంది. రోజూ తలమీంచి పోసుకోవాలని ఎక్కడా లేదు.

కుంపటి మాత్రం గదిలో పెట్టొద్దు, ఎంత చలి వేసినా. తలుపు మూసిన గదిలో బొగ్గులు రాజుకుంటే వాసన లేని విషవాయువు వస్తుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. మీ అత్తకు సాంబ్రాణి పొగ, దోమల చుట్ట పొగ కూడా పడవు. ఆమె పీల్చే మందు ఎన్ని డోసులు మిగిలిందో, తేదీ దాటిందో ఇప్పుడే చూసి, పీహెచ్‌సీకి తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. వానల్లో దారి తెగితే మందు కోసం పోలేరు. మాట పూర్తిచేయలేనంత ఎగశ్వాస వచ్చినా, పెదాలు నీలంగా మారినా తెల్లారనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. పెద్ద పిల్లకో పిల్లాడికో కూడా ఈ నంబరు నేర్పండి.

వంట పంచకు పన్నెండు వందలు ఇవ్వండి. మందం ఉన్న టార్పాలిన్ పట్ట ఒకటి తెచ్చి తాటాకు మీద పరిచి, అంచుల్లో రింగులకు తాళ్లు కట్టి వాసాలకు బిగించండి. పల్చటి నీలం కవరు కొంటే మొదటి గాలివానకే చీలికలవుతుంది. పొయ్యి రెండు వరసల ఇటుకల ఎత్తుకు లేపండి. చిల్లకంపయినా సర్వి కట్టెలయినా నేలమీద కాకుండా రాళ్ల మీద పేర్చి, పైన మాత్రం కప్పి పక్కలు వదిలేయండి. చుట్టూ కప్పితే కట్టెలకు గాలి ఆడక చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ కట్టెల పొగ నేరుగా మీ అత్త మంచం దగ్గరికి వెళ్తుంది.

గ్యాసు ఉంటే ఇంకో కిటుకు. దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఒక్కసారి రావు, నాలుగు నెలలకొకటి. ఆగస్టు నుంచి నవంబరు విడతలో ఇంకా బుక్ చేసుకోకపోతే నవంబరు నెలాఖరు లోపల చేసుకోండి, తర్వాతది డిసెంబరు నుంచి మొదలవుతుంది. సిలిండరుకు ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. కాబట్టి ఆ మొత్తం చేతిలో ఉన్నప్పుడే బుక్ చేయాలి. అలా చూసుకుంటే ముసురు రోజులకు ఒకటి, చలి రోజులకు ఒకటి వస్తాయి.

సరుకుల గురించి మీకు నేను చెప్పేదేముంది. ఎనిమిది వందలకు కందిపప్పు, చింతపండు, ఎర్రగడ్డలు, ఉలవలు కొంచెం కొంచెం తీసుకోండి. ఎండు చేపలు ఇప్పుడే కొనండి, ముసురు పట్టాక ఎండబెట్టేది ఉండదు, సరుకు దొరకదు, దొరికినా చెమ్మ వాసన. రేషన్ బియ్యం నెల మొదటి వారంలోనే తెచ్చుకోండి, పదిహేనో తేదీ దాకా ఆగితే మధ్యలో వాయుగుండం రావచ్చు. బియ్యం డ్రమ్ము కింద రెండు ఇటుకలు పెట్టండి. ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కరిగించి అంటించండి. తుపాను షెల్టరుకు పొమ్మని చాటింపు వేస్తే ఆ కవరు, మీ అత్త మందులు, ఒక జత పొడి బట్టలు, అంతే.

దోమతెరలకు, చార్జింగు లైటుకు వెయ్యి రూపాయలు. దోమతెర ఎందుకంత ముఖ్యమంటే అది రెండు పనులు చేస్తుంది. వానలకు కలుగుల్లో నీళ్లు నిండి పాములు ఇళ్లలోకి వస్తాయి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. పిల్లలు చాప మీద పడుకుంటారని అనుకుంటున్నాను. తెర అంచులు చాప కిందికి మడిచి దోపితే పాముకీ అడ్డం, దోమకీ అడ్డం. కాటు వేసిందని అనుమానం వచ్చినా మంత్రం, తాడు కట్టడం, కోయడం ఏవీ వద్దు, నేరుగా ప్రభుత్వాసుపత్రికి. పగలు కుట్టే డెంగీ దోమ మాత్రం తెరకు చిక్కదు. డ్రమ్ములు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లలో నీళ్లు వారానికోసారి ఒలకబోస్తే గుడ్డు దోమయ్యేలోపే పోతుంది.

లెక్క చూసుకుంటే ఐదున్నర వేలయింది. మిగిలిన పదిహేను వందలు ముట్టుకోకండి. ముసురు వారం రోజులు పట్టిందంటే ఆ వారం ఇద్దరికీ కూలి ఉండదు. అప్పుడు వారం వడ్డీకి తెచ్చే వెయ్యి రూపాయలు సంక్రాంతి దాకా వెంటాడుతాయి. తప్పనిసరైతే డ్వాక్రా గ్రూపులో అడగండి, ప్రైవేటు వడ్డీ కంటే నయం. దీపావళికి పిల్లలు టపాకాయలు అడుగుతారు, వంద రూపాయలవి కొనివ్వండి. పూర్తిగా లేదంటే ఏడుపు, ఇంట్లో గొడవ, ఆ గొడవకు మీ ఆయన ఐదొందలవి తెస్తాడు. నాకు తెలుసు.

మరి అందరూ కప్పుకునేదేమిటి అంటారా. మీ ఇంట్లో పాత నూలు చీరలు, పంచెలు ఎన్ని ఉన్నాయో బయటికి తీయండి. నాలుగు పొరలు పరిచి, దబ్బనంతో పొడుగు కుట్లు వేస్తే బొంత తయారు. సిల్కులాంటి నైలెక్సు చీరలు లోపలి పొరకు వాడుకోండి, ఒంటికి తగిలేది నూలే ఉండాలి. ఒక మందపాటి రగ్గు కంటే రెండు పలచటి బొంతలు వెచ్చగా ఉంటాయి, మధ్యలో గాలి నిలుస్తుంది కాబట్టి. చలి పైనుంచే వస్తుందనుకుంటాం. నవారు మంచం మీద పడుకునే మీ అత్తకు కిందినుంచి కూడా గాలి కొడుతుంది. ఆమెకు మొదటి బొంత కింద పరచండి, రెండోది కప్పండి. తల కింద ఇంకో దిండు పెట్టి కాస్త ఎత్తుగా పడుకోబెడితే ఊపిరి తీసుకోవడం తేలికవుతుంది. పిల్లల చాప కింద పాత ప్లాస్టిక్ పట్ట వేయండి, నేల చెమ్మ పైకి రాదు.

మీ ఆయన రగ్గు కావాలనే పట్టుబడితే నాట్ల డబ్బు వచ్చాక ఒక్కటి, మీ అత్తకు మాత్రం కొనమనండి. ఇవాళే కొంటానంటే ఎండ పడే మధ్యాహ్నం ఆయన్నే ఇంట్లో నిలబెట్టి పైకి చూడమనండి. ఈ వారం ఆకాశం తెరిపిగా ఉన్నప్పుడే మేస్త్రీకి కబురు పంపండి, మొదటి అల్పపీడనం పేరు వినపడ్డాక ఊళ్లో అందరూ ఆయన కోసమే తిరుగుతారు. బొంతలకు తొందర లేదు. ముసురు పట్టి పనికి పోలేని రోజుల్లో, కారని ఇంట్లో కూర్చుని మీరూ మీ అత్తా కుట్టుకోవచ్చు.